నాడి అందని చేయి

యునానీ హకీములు రోగిని పరీక్షించే పద్ధతిలో మొదటి మెట్టు నబ్జ్. రోగి తన బాధ చెప్పుకోక ముందే వారి వేళ్లు అతని మణికట్టు మీదికి చేరతాయి. ఇబ్ను సీనా (రహ్మ) నాడి గురించి పర్షియన్ భాషలో ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే రచించారు. హైదరాబాదులో చార్మినారు పక్కనున్న నిజామియా యునానీ ఆసుపత్రికి వెళ్లిన వారికి ఈ నబ్జ్ పరీక్ష కొత్త కాదు. మా చిన్నతనంలో అనకాపల్లి వంటి ఊళ్లలో కూడా నాడి చూసి జ్వరం సంగతి చెప్పగల పెద్దలు ఉండేవారు. ఇప్పుడు చేతికి పట్టీ చుట్టి, మీట నొక్కి, అంకె చదవడంతో పని ముగుస్తున్నది. యంత్రాన్ని మేము తప్పుపట్టడం లేదు. అయితే మణికట్టు మీద వేలు పెట్టి, అది కూడా రెండు చేతులకూ పెట్టి చూస్తే తప్ప బయటపడని జబ్బు ఒకటున్నది. అది ఎక్కువగా మన ఆడపిల్లలకే వస్తున్నది. అందువల్ల ఈ నెల ఈ శీర్షికను దానికే కేటాయిస్తున్నాము.

ఆ జబ్బు పేరు తకయాసు. మికిటో తకయాసు జపాను దేశపు కంటి వైద్యుడు, కనజావా నగరంలో అధ్యాపకుడు. 1908లో ఆయన తమ దేశపు నేత్ర వైద్యుల సభలో 21 ఏళ్ల యువతి కంటిని గురించి వివరించాడు. ఆమె కంటి వెనుక పొరలో రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పూలదండలా చుట్టుకొని కనిపించాయి. అదే సభలో ఉన్న మరో ఇద్దరు వైద్యులు తామూ ఇటువంటి కళ్లనే చూశామని, ఆ రోగులకు మణికట్టు దగ్గర నాడి అందలేదని చెప్పారు. కంటిలో వింత, చేతిలో నాడి లేకపోవడం, ఈ రెండూ ఒకే జబ్బుకు చెందినవని లోకానికి తెలిసింది అక్కడే. తరువాతి కాలంలో దానికి ‘నాడి లేని జబ్బు’ అనే పేరు కూడా వచ్చింది.

అసలు జరిగేది ఇది. గుండె నుండి బయలుదేరే బృహద్ధమనికి, దాని నుండి చేతులకూ మెడకూ మూత్రపిండాలకూ వెళ్లే పెద్ద కొమ్మలకు లోపలి గోడలు వాచిపోతాయి. బయటి నుండి వచ్చిన సూక్ష్మక్రిమి ఏదీ ఈ వాపుకు కారణంగా తేలలేదు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దారితప్పి సొంత ధమనుల మీద పడుతుంది. వాచిన గోడ మందమవుతుంది, లోపలి దారి ఇరుకవుతుంది, కొన్నిచోట్ల పూర్తిగా మూసుకుపోతుంది. చెరకు తోటకు నీరు పెట్టే కాలువలో గట్టు లోపలివైపు పెరిగిపోతే చివరి మడికి నీరందదు కదా, చేతికి రక్తం అందకపోవడం కూడా అటువంటిదే. మణికట్టు దగ్గర నాడి బలహీనపడి చివరకు వేలికి తగలకుండా పోతుంది.

రోగులలో పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది స్త్రీలే. జబ్బు మొదలయ్యేది సాధారణంగా 40 ఏళ్ల లోపు. చాలామందికి పదిహేను, ఇరవై, పాతిక ఏళ్ల వయసులోనే మొదలవుతుంది. అరుదైన జబ్బే అయినా ఐరోపా దేశాల కంటే జపాను, భారతదేశం వంటి ఆసియా దేశాలలో ఎక్కువగా కనిపిస్తున్నది. మన దేశపు రోగులలో మరొక విశేషమున్నది. జపానులో ఛాతీ పైభాగంలోని ధమనులకు ఎక్కువగా వస్తే, మన దేశంలో పొట్టలోని బృహద్ధమనికి, మూత్రపిండాల ధమనులకు పట్టుకోవడం అధికం. మూత్రపిండానికి రక్తం తగ్గితే అది తనకు రక్తం చాలడం లేదని భ్రమించి రక్తపోటును పెంచే రసాయనాలను విడుదల చేస్తుంది. ఇరవై ఏళ్ల పిల్లకు బి.పి. ఏమిటని మనం ఆశ్చర్యపోతాము. యువ వయసులో మూత్రపిండ ధమని ఇరుకై వచ్చే బి.పి.కి మన దేశంలో ఒక ముఖ్య కారణం ఈ తకయాసే.

మొదటి దశ మోసకరమైనది. సన్నని జ్వరం, ఒళ్లు నొప్పులు, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, ఏ పనీ చేయబుద్ధి కాని నీరసం, ఇంతే. ఈ లక్షణాలతో వచ్చిన పిల్లను చూసి ఏ వైద్యుడైనా టైఫాయిడ్ అనుకోవచ్చు, టి.బి. అనుకోవచ్చు. మన దేశంలో టి.బి. ఎంత ఎక్కువో తెలిసినదే కాబట్టి ఆ అనుమానం తప్పు కాదు. కానీ నెలల తరబడి మందులు వాడినా మార్పు లేనప్పుడు మరో దారిలో ఆలోచించవలసి ఉంటుంది. రెండవ దశలో చేయి త్వరగా అలసిపోతుంది. బట్టలు ఉతుకుతుంటే, పైఅరలో సామాను అందుకుంటుంటే, జడ వేసుకుంటుంటే చేయి బరువెక్కి నొప్పి పెడుతుంది, ఆపితే తగ్గుతుంది. తల తిరుగుతుంది, కళ్లు చీకట్లు కమ్ముతాయి. మెడ పక్కన నొక్కితే నొప్పి ఉంటుంది.

మా ప్రాంతంలోనే జరిగిన సంగతి ఒకటి చెబుతాము, పేర్లు అవసరం లేదు. డిగ్రీ చదువుతున్న పంతొమ్మిదేళ్ల అమ్మాయి. చపాతీలు వత్తుతుంటే ఎడమ చేయి పట్టు తప్పుతున్నది. రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. ఇంటి చుట్టుపక్కల వారు ఏమని ఉంటారో పాఠకులు ఊహించగలరు. తల్లి మా వద్దకు వచ్చి, “హజ్రత్, పిల్లకు అసర్ ఉందంటున్నారు, తావీజు రాసివ్వండి” అని అడిగింది. “దువా చేస్తామమ్మా, అది మా బాధ్యత. డాక్టరు దగ్గరికి వెళ్లారా? ఏమన్నారు?” అన్నాము. ఊళ్లో ఒక క్లినిక్కుకు వెళ్లారట. అక్కడి కుర్రవాడు ఎడమ చేతికి పట్టీ చుడితే అంకె రాలేదు. “మిషను పాడైంది” అని విసుక్కొని కుడి చేతికి చుట్టాడు. ఆ చేతికి వచ్చిన అంకె కాగితం మీద రాసిచ్చి పంపేశారు. ఒక చేతికి పని చేసిన మిషను రెండో చేతికి ఎందుకు పాడైందని ఎవరూ అడగలేదు.

మేము వైద్యులము కాము. మద్రసాలో హదీసు బోధించే వారము. వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించిన వాడు ఆ నష్టానికి బాధ్యుడని అబూ దావూద్ సంకలనంలోని హదీసు చెబుతున్నది. దానిని ప్రతి సంవత్సరం విద్యార్థులకు చదివిస్తూ మేమే దానిని మీరలేము. అందుచేత ఆ తల్లితో, రెండు చేతుల సంగతీ మరచిపోకుండా చెప్పి విశాఖపట్నంలో పెద్ద వైద్యునికి చూపించమన్నాము. అక్కడి వైద్యుడు ముందుగా రెండు మణికట్లు పట్టుకొన్నాడట. తరువాత స్టెతస్కోపును గుండె మీద కాక మెడ మీద, కాలర్ ఎముక కింద, పొట్ట మీద పెట్టి విన్నాడట. ఇరుకు దారిలో రక్తం ఒరుసుకొని పోతుంటే ఒక రకమైన హోరు వినిపిస్తుంది. ఆ తరువాత సి.టి. యాంజియోగ్రామ్ తీస్తే ఎడమ చేతికి పోయే ధమని దాదాపు మూసుకొని ఉన్నది.

ఈ జబ్బుకు ఒకే ఒక్క రక్తపరీక్ష అంటూ లేదు. ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనే పరీక్షలు ఒంట్లో వాపు ఉన్నదని మాత్రమే చెబుతాయి, ఎక్కడ ఉన్నదో చెప్పవు. కొందరిలో జబ్బు లోలోపల సాగుతున్నా ఇవి మామూలుగానే కనిపిస్తాయి. ధమని గోడను చూపించేవి డాప్లర్ స్కానింగు, సి.టి. లేదా ఎం.ఆర్. యాంజియోగ్రామ్, కొన్ని సందర్భాలలో పెట్ స్కాను. అమెరికా, ఐరోపా కీళ్లవాత వైద్య సంఘాలు కలిసి 2022లో ప్రకటించిన వర్గీకరణ ప్రమాణాలలో రెండు చేతుల పై బి.పి. మధ్య 20 లేదా అంతకు మించిన తేడా ఒక అంశంగా చేరింది. అంతకు ముందరి 1990 నాటి ప్రమాణాలలో 10 దాటిన తేడానే లెక్కలోకి తీసుకొనేవారు. ఖరీదైన యంత్రాల కంటే ముందు, రెండు చేతులకూ పట్టీ చుట్టడమనే చౌక పరీక్ష ఇంత విలువైనదన్న మాట. ఇంట్లో బి.పి. మిషను ఉన్నవారు వయసులో ఉన్న పిల్లలకు ఎప్పుడైనా ఒకసారి రెండు చేతులకూ చూసి రాసిపెట్టండి. తేడా వచ్చినంత మాత్రాన భయపడిపోవద్దు. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూడండి. అప్పుడూ అదే తేడా ఉంటే వైద్యునికి చెప్పండి.

మరొక ప్రమాదాన్ని కూడా చెప్పాలి. మూసుకుపోయిన చేతికి బి.పి. చూస్తే తక్కువగా కనిపిస్తుంది. అసలు ఒంట్లో బి.పి. 180 ఉండవచ్చు, ఆ చేయి 100 అని చూపించవచ్చు. రెండు చేతుల ధమనులూ పాడైన వారికి కాలికి పట్టీ చుట్టి చూడవలసి వస్తుంది. ఈ సంగతి తెలియక “బి.పి. తగ్గింది” అని మందు ఆపేసిన వారికి పక్షవాతం వచ్చే అవకాశం ఉన్నది. అందువల్ల తకయాసు ఉన్నట్లు తేలినవారు తమకు ఏ చేతికి లేదా ఏ కాలికి బి.పి. చూడాలో వైద్యుని చేత ఫైలు మొదటి పేజీ మీదే రాయించుకోవాలి.

చికిత్సలో మొదటి ఆయుధం స్టిరాయిడ్. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిజోన్‌ను కీళ్లవాత రోగికి తొలిసారి ఇచ్చారు. 1950లో ఆయనకు, మరో ఇద్దరికి నోబెల్ బహుమతి లభించింది. నేటికీ మంట ఆర్పేవాటిలో ముందుండేది ఆ జాతి మందే. దానికి తోడుగా మెథోట్రెక్సేట్, అజథయోప్రిన్, మైకోఫెనోలేట్ వంటివి ఇస్తారు. ఇవి స్టిరాయిడ్ మోతాదును క్రమంగా తగ్గించుకోవడానికి తోడ్పడతాయి. వీటికి లొంగని వారికి టోసిలిజుమాబ్ వంటి ఇంజక్షన్లు ఉన్నాయి. ఇవన్నీ రక్షణ వ్యవస్థను అణచేవే కాబట్టి మొదలుపెట్టే ముందు టి.బి. దాగి ఉన్నదేమో చూస్తారు. ఛాతీ ఎక్స్‌రే ఎందుకు, మళ్లీ ఈ రక్తపరీక్ష ఎందుకు అని వైద్యులతో వాదించకండి. ఇరుకైన ధమనిని బెలూనుతో వెడల్పు చేయడం, స్టెంటు వేయడం, బైపాస్ చేయడం అనే మార్గాలూ ఉన్నాయి. అయితే సాధ్యమైనంత వరకు వాపు చల్లారిన తరువాతే వీటికి పూనుకుంటారు. మండుతున్న గోడకు మరమ్మతు చేస్తే మళ్లీ మూసుకుపోతుంది.

మెథోట్రెక్సేట్ గురించి ఒక మాట విడిగా చెప్పక తప్పదు. ఈ జబ్బులలో దానిని వేసుకొనేది వారంలో ఒక్క రోజు మాత్రమే. రోజూ వేసుకొనే బిళ్ల అనుకొని మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చదువురాని అమ్మీలు, నానమ్మలు మందులిచ్చే ఇళ్లలో ఇది జరిగే పొరపాటే. మా దగ్గరకు వచ్చేవారికి మేము సూచించే ఉపాయం, వైద్యుని అడిగి ఆ రోజును జుమాగా పెట్టించుకోమని. జుమా వచ్చిందని ఇంట్లో ఎవరూ గుర్తు చేయనవసరం లేదు కదా.

ఆ అమ్మాయి విషయంలో చికిత్స మొదలైన మూడో నెలలో మరో సమస్య వచ్చింది. స్టిరాయిడ్ వల్ల ముఖం గుండ్రంగా ఉబ్బింది, మొటిమలు వచ్చాయి. అదే సమయంలో సంబంధం ఒకటి వచ్చింది. పెళ్లిచూపుల కోసం ముఖం తగ్గాలని ఇంట్లో వారు బిళ్లలు ఒక్కసారిగా ఆపేశారు. నాలుగు రోజులలో పిల్ల వాంతులతో, లేవలేని నీరసంతో ఆసుపత్రిలో పడింది. వారాల తరబడి బయటి నుండి స్టిరాయిడ్ అందుతుంటే మన అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి నిద్రపోతాయి. బయటి మందు హఠాత్తుగా ఆగితే లోపలిది వెంటనే మేలుకోదు. ఆ మధ్య కాలంలో బి.పి. పడిపోయి మనిషే పోవచ్చు. జబ్బు తిరగబెట్టడం దీనికి అదనం. స్టిరాయిడ్‌ను తగ్గించవలసింది వైద్యుడు, అది కూడా మెట్లు మెట్లుగా. మోతాదు తగ్గే కొద్దీ ముఖం వాపు కూడా తగ్గుతుంది.

ఆ పిల్ల కోలుకున్నది. కానీ ఆమె తండ్రి మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇప్పటికీ అనేక ఇళ్లలో ఉన్నదే. “హజ్రత్, ఈ సంగతి పెళ్లివారికి చెప్పాలా? చెబితే ఎవరు చేసుకుంటారు?” ఆ తండ్రి బాధ మాకు తెలుసు. అయినా దీనికి షరీఅతులో రెండు జవాబులు లేవు. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు ముఆవియా, అబూ జహమ్ నుండి సంబంధాలు వచ్చాయని చెప్పినప్పుడు, దైవప్రవక్త (స) ఆ ఇద్దరిలోని లోపాలను దాచకుండా ఆమెకు తెలియజేసిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉన్నది. సంబంధం విషయంలో సలహా అడిగిన వారికి లోపం చెప్పడం చాడీ కాదని ఉలమా దీని నుండే గ్రహించారు. ధాన్యపు రాశి అడుగున తడిని దాచిన వర్తకుడిని ఆయన (స) ఎంత కఠినంగా మందలించారో కూడా మనకు తెలిసినదే. వస్తువు అమ్మకంలోనే దాపరికం కూడనప్పుడు జీవితకాలపు ఒప్పందంలో ఎలా కూడుతుంది?

అయితే చెప్పడంలోనూ ఒక పద్ధతి ఉన్నది. పెళ్లిళ్ల పేరయ్య ద్వారా ఊరంతా చాటనక్కరలేదు. మాటలు ఖాయమయ్యే దశలో, వరుడికి, అతని పెద్దలకు, అవసరమైతే వైద్యుని సమక్షంలో చెప్పాలి. చెప్పవలసిన విషయాలలో మంచివి కూడా ఉన్నాయి. ఇది అంటువ్యాధి కాదు. తల్లి నుండి బిడ్డకు నేరుగా సంక్రమించే జబ్బుగా దీనిని లెక్కించరు. జబ్బు అదుపులో ఉండి, బి.పి. అదుపులో ఉన్న స్త్రీలు గర్భం ధరించి ఆరోగ్యకరమైన బిడ్డలను కంటున్నారు. కాకపోతే మెథోట్రెక్సేట్, మైకోఫెనోలేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి. గర్భం కోసం అనుకోవడానికి కొన్ని నెలల ముందే వైద్యుడు వాటిని మార్చాలి. భర్తకే తెలియకుండా దాచిన జబ్బుకు ఈ ఏర్పాటు ఎలా సాధ్యం? పెళ్లయిన నెలలోనే గర్భం వచ్చి, మందు సంగతి అత్తింట్లో చెప్పలేక దాచిపెట్టుకొని మింగే కోడలి పరిస్థితిని ఊహించండి. ఒక్కొక్కప్పుడు మేము ఖుత్బాలో చెప్పదలచిన మాటలన్నీ ఈ ఒక్క సమస్యలోనే ఉన్నాయనిపిస్తుంది.

వరుడి తల్లులకు కూడా ఒక మాట. బి.పి. మందులు, షుగరు మందులు వాడే మీ కుమారుల సంగతి మీరు ముందుగా చెబుతున్నారా?

రక్తనాళాలు వాచే జబ్బుల కుటుంబం పెద్దది. పిల్లలలో వచ్చేది కవాసాకి. టోక్యోలోని రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో టోమిసాకు కవాసాకి అనే పిల్లల వైద్యుడు 1961 జనవరిలో మొదటిసారి దీనిని ఒక నాలుగేళ్ల బాలునిలో గమనించాడు. అంతు చిక్కక వదిలేయకుండా ఆరేళ్లు ఓపికగా ఒక్కో బిడ్డ వివరాలను రాసుకొని 1967లో 50 మంది గురించి ప్రకటించాడు. ఎక్కువగా అయిదేళ్ల లోపు పిల్లలకు వస్తుంది. అయిదు రోజులు దాటినా విడువని తీవ్ర జ్వరం, పుసి లేకుండా ఎర్రబడిన కళ్లు, పగిలిన పెదవులు, ముదురు ఎరుపు రంగు నాలుక, ఒంటి మీద దద్దురు, అరచేతులు అరికాళ్ల వాపు, మెడలో గడ్డ దీని గుర్తులు. తరువాత వేళ్ల కొసల వద్ద చర్మం ఊడుతుంది. బి.సి.జి. టీకా వేసిన మచ్చ మళ్లీ ఎర్రబడటం కొందరిలో కనిపించే మరో ఆనవాలు. మన ఇళ్లలో దీనిని తట్టు, అమ్మవారు అని వదిలేస్తారు. జ్వరం ఎలాగూ రెండు మూడు వారాలలో తగ్గిపోతుంది, కాని చికిత్స లేకపోతే నలుగురిలో ఒకరికి గుండె ధమనులు బుడగలా ఉబ్బే ప్రమాదం ఉన్నది. జ్వరం మొదలైన పది రోజుల లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తే ఆ ముప్పు ఎంతగానో తగ్గుతుంది. ఇది దాతల రక్తం నుండి తీసే మందు. ప్రాణావసరంలో రక్తం ఎక్కించడాన్ని ఉలమా అనుమతించారు, ఇది కూడా ఆ కోవలోనిదే. మసలాకు జవాబు కోసం ఆగి పది రోజులు దాటనివ్వవద్దు.

తట్టును, మశూచిని మొదటిసారి వేరు చేసి ప్రత్యేక గ్రంథం రాసిన అబూ బక్ర్ అల్ రాజీ మనవాడని గర్వంగా చెప్పుకుంటాము. ఆ గర్వానికి తగినట్లు, ప్రతి దద్దురూ తట్టు కాదనైనా తెలుసుకోవాలి కదా.

యాభై దాటిన పెద్దలకు వచ్చే మరో రకం కణతల ధమని జబ్బు. ఇది మన దేశంలో తక్కువ. కొత్తగా మొదలైన కణత నొప్పి, దువ్వెన తగిలితే తల మీద బాధ, నములుతుంటే దవడ నొప్పి, ఉన్నట్టుండి చూపు మసకబారడం దీని లక్షణాలు. ఒక్క రోజు ఆలస్యమైనా పోయిన చూపు తిరిగి రాదు. అందుకే ఈ జబ్బులో వైద్యులు ముక్క పరీక్ష ఫలితం కోసం ఆగకుండానే స్టిరాయిడ్ మొదలుపెడతారు. వెయ్యేళ్ల క్రితం బగ్దాదులో అలీ ఇబ్ను ఈసా అనే కంటి వైద్యుడు తన ‘తజ్కిరతుల్ కహ్హాలీన్’లో కణతల ధమనులకూ, తలనొప్పికీ, చూపు పోవడానికీ సంబంధం ఉన్నదని గుర్తించి ఆ ధమనులకు చికిత్స సూచించారు. ఆయన చేతిలో స్టిరాయిడ్ లేదు. అయినా చూపు కణతలో పోతున్నదని కనిపెట్టారు.

టర్కీ నుండి జపాను దాకా పాత పట్టు వర్తక మార్గం వెంట ఎక్కువగా కనిపించే బెహ్చెత్ జబ్బు ఇంకొకటి. ఇస్తాంబుల్ చర్మ వైద్యుడు హులూసీ బెహ్చెత్ 1937లో దీనిని వివరించారు. నోటిలో మళ్లీ మళ్లీ పుండ్లు, మర్మావయవాల వద్ద పుండ్లు, కంటిలో వాపు దీని గుర్తులు. మర్మావయవాల పుండు అనగానే శీలాన్ని శంకించే వారున్నారు. ఇది లైంగికంగా సోకే జబ్బు కాదు. సాక్ష్యం లేని నింద ఎంత పెద్ద పాపమో సూరె నూర్ చదివిన ఇంటికి మేము చెప్పనవసరం లేదు.

ఈ జబ్బులకు ఎక్కడికి వెళ్లాలని చాలామంది అడుగుతున్నారు. వీటిని చూసే నిపుణులను రుమటాలజిస్టులు అంటారు. ఎముకల డాక్టరు వేరు, వీరు వేరు. హైదరాబాదులోని నిమ్స్‌లో, వేలూరులోని సి.ఎం.సి.లో ఈ విభాగాలు ఉన్నాయి. తకయాసు రోగులను పెద్ద సంఖ్యలో చూసిన వైద్యశాలగా వేలూరుకు పేరున్నది. భారతీయ వైద్యులే ఈ జబ్బు తీవ్రతను కొలిచేందుకు ‘ఐటాస్’ అనే కొలమానాన్ని రూపొందించారు. వేలూరుకు వెళ్లేవారు కాట్పాడిలో దిగుతారని మన ప్రాంతం వారికి తెలిసినదే. పాత యాంజియోగ్రాముల కాగితాలే కాదు, సి.డి.లు కూడా వెంట తీసుకువెళ్లండి. కొత్త చిత్రాన్ని పాతదానితో పోల్చితేనే జబ్బు సాగుతున్నదా, ఆగిందా అన్నది తేలుతుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏ చికిత్స వర్తిస్తుందో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరే ముందే అడగండి. పేద రోగికి జకాత్ ఇవ్వవచ్చు. హనఫీ మజ్‌హబ్ ప్రకారం ఆ సొమ్ము రోగి చేతికి, అతని యాజమాన్యంలోకి చేరాలి. ఆయన దానితో బిల్లు కట్టుకుంటారు.

నిపుణుని వద్దకు పంపడం తవక్కుల్‌కు విరుద్ధమని ఎవరైనా అంటే సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) సంగతి చెప్పండి. ఆయన జబ్బు పడినప్పుడు దైవప్రవక్త (స) పరామర్శకు వెళ్లి ఛాతీ మీద చేయి వేసి చూసి, సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా వైద్యుడని, అతని వద్దకు వెళ్లమని సూచించినట్లు అబూ దావూద్‌లో ఉల్లేఖన ఉన్నది. సనదు విషయంలో ముహద్దిసులు చర్చించారు. కాని నిపుణుడిని ఎంచుకోవాలన్న అర్థంలో దానిని పెద్దలు స్వీకరించారు. హారిస్ అప్పటికి ఇస్లాం స్వీకరించలేదని చరిత్రకారులలో పలువురి అభిప్రాయం.

ఇక రోజాల విషయం. రోగికి, ప్రయాణికునికి మినహాయింపు దివ్య ఖుర్ఆన్‌లోని సూరె బఖరా 184, 185 ఆయతులలో స్పష్టంగా ఉన్నది. ఈ జబ్బులున్న వారందరికీ ఒకే ఫత్వా లేదు. జబ్బు చల్లారి, ఉదయం ఒక్కపూట బిళ్లతో సరిపోయే వారికి దానిని సహరీలో వేసుకొని రోజా ఉండేందుకు వైద్యుడు అనుమతించవచ్చు. జబ్బు మండుతున్న దశలో ఉన్నవారికి, మెదడుకు పోయే ధమనులు ఇరుకైన వారికి, మూత్రపిండాలు దెబ్బతిన్న వారికి ఒంట్లో నీరు తగ్గడమే ప్రమాదం. వీరు రోజా ఉండరాదని వైద్యుడు చెబితే మొండికి పోవడం పుణ్యం కాదు. పూర్వ హనఫీ గ్రంథాలలో నిపుణుడైన ముస్లిం వైద్యుని మాట అనే షరతు కనిపిస్తుంది. నమ్మదగిన నిపుణుడైతే ముస్లిమేతరుని మాటనూ స్వీకరించవచ్చని నేటి ఉలమాలో అనేకులు అంటున్నారు, మేమూ దానినే చెబుతాము. కోలుకొనే ఆశ ఉన్నవారు తరువాత ఖజా ఉండాలి. ఇక కోలుకోరని తేలినవారు రోజుకు ఒక పేదవానికి భోజనం చొప్పున ఫిద్యా ఇవ్వాలి. ఫిద్యా ఇచ్చిన తరువాత ఆరోగ్యం తిరిగి వస్తే ఖజా తప్పదు. వైద్యుని అడగడానికి షాబాన్ చివరి రోజు దాకా ఆగవద్దు. మందు వేళలు మార్చి, బి.పి. ఎలా నిలుస్తుందో చూడటానికి కొన్ని వారాలు పడుతుంది. రజబ్‌లోనే ఒకసారి వెళ్లి ఫైలు మీద రాయించుకురండి.